చుండ్రుకు ఇంటి వైద్యం: పని చేసేదేది, చెయ్యనిదేది?

కవితలూ, కథానికలూ, సంఘం వారి నివేదికలూ ఉండే ఈ సంచికలో చుండ్రు మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. నల్ల చొక్కా వేసుకోవడానికి వెనకాడేవాళ్ళు, వెనక కూర్చున్నవాళ్ళు భుజాల మీది పొట్టు చూస్తారేమోనని చివరి బెంచీకి పోయేవాళ్ళు, పరీక్ష హాల్లో ఒక చేత్తో రాస్తూ రెండో చేత్తో తల గోక్కునేవాళ్ళు మన మధ్య ఎందరున్నారో అందరికీ తెలుసు. దీన్ని గురించి పైకి మాట్లాడేవారు తక్కువ. సలహాలు మాత్రం బోలెడు. నూనె బాగా దట్టించమని ఒకరు, నూనె ముట్టుకోవద్దని ఇంకొకరు, నిమ్మకాయ రుద్దమని మరొకరు. వినేవాడికి ఏది చెయ్యాలో తోచదు.

మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. ఖమ్మం నుంచి వరంగల్లు పోయే దారిలో ఉంటుంది. పత్తి, మిరప, వరి పండే ప్రాంతం. ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోతే అడవి తగులుతుంది. అందుచేత మావైపు ఇళ్ళలో రెండు రకాల సామాను కనిపిస్తుంది. అడవి నుంచి వచ్చిన కుంకుళ్ళు, శీకాయ, తేనె ఒక మూల. చేను కోసం తెచ్చిన పురుగుల మందు డబ్బా ఇంకో మూల. తల దురద పెట్టినప్పుడు చెయ్యి ఏ మూలకు పోతుందన్నది చిన్న విషయం కాదు. జీవశాస్త్రం చదువుకుంటున్నవాడిగా ఇంట్లో చూసినదీ, పుస్తకాల్లో చదివినదీ పక్కపక్కన పెట్టి చూశాను. తేలినది మీ ముందు పెడుతున్నాను.

చుండ్రు ఎందుకు వస్తుంది?

చుండ్రు కొత్త జబ్బేమీ కాదు. సుశ్రుత సంహితలో 'దారుణకం' అనే పేరుతో, మాడు గరుకుబారి, దురద పుట్టి, పగిలినట్లయ్యే స్థితిని చెప్పారు. అయితే దాని వెనుక ఒక సూక్ష్మజీవి ఉందన్న సంగతి బయటపడటానికి సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ షార్ల్ మలసే 1874లో పొలుసుల్లో ఒక ఈస్టు కణాన్ని చూసి వర్ణించాడు. ఆయన పేరు మీదనే ఆ జాతికి 'మలసీజియా' అని పేరొచ్చింది. ఇడ్లీ పిండి పులియడంలో పాలుపంచుకునే ఈస్టుకు ఇది దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఈ మలసీజియా దాదాపు పెద్దవాళ్ళందరి తలల మీదా కాపురముంటుంది. దీనికి ఒక విచిత్రమైన లోటు ఉంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారు చేసుకోలేదు. 2007లో దీని జన్యువులన్నిటినీ చదివినప్పుడు, ఆ పని చేసే జన్యువే దీనికి లేదని తేలింది. కాబట్టి బయటినుంచి కొవ్వు తినాలి. మన తలమీది చర్మంలో వెంట్రుక కుదుళ్ళ పక్కనే ఉండే గ్రంథులు సహజంగా ఒక రకం నూనెను ఊరిస్తుంటాయి. మలసీజియాకు అదే అన్నం. ఆ నూనెను విడగొట్టి తనకు పనికొచ్చేది తిని, మిగిలినది మన చర్మం మీద వదిలేస్తుంది. అలా వదిలిన వాటిలో ఓలియిక్ ఆమ్లం ముఖ్యమైంది. అది కొందరి చర్మానికి పడదు. పడనివారికి చర్మం ఎర్రబడి, దురద పుడుతుంది. మామూలుగా పై చర్మం పూర్తిగా మారడానికి నెల రోజులు పడుతుంది, ఊడే కణాలు కంటికి కనబడవు. చర్మం రేగినప్పుడు ఈ పని త్వరత్వరగా జరిగి, కణాలు ముద్దలు ముద్దలుగా ఊడుతాయి. ఆ ముద్దలే చుండ్రు.

దీన్నిబట్టి కొన్ని సంగతులు తేటపడతాయి. మొదటిది, చుండ్రు మురికితనానికి గుర్తు కాదు. రోజూ స్నానం చేసేవారికీ వస్తుంది. రెండవది, ఇది ఒకరినుంచి ఒకరికి అంటదు. ఈస్టు అందరి తలల మీదా ఉన్నదే, దాన్ని ఓర్చుకోలేని చర్మం కొందరిది. మూడవది, ఇది మన వయసు జబ్బు. ఆ నూనె గ్రంథులు యుక్తవయసులో మేల్కొంటాయి. అందుకే చిన్నపిల్లల్లో అరుదుగా ఉండి, కాలేజీ వయసులో ఎక్కువవుతుంది. చలికాలం, నిద్రలేమి, మనసు మీది ఒత్తిడి దీన్ని రెచ్చగొడతాయి. పరీక్షల ముందు పెరిగినట్లనిపించడం ఉత్త భ్రమ కాదన్నమాట. నాల్గవది అన్నింటికన్నా ముఖ్యం. దీన్ని పూర్తిగా నిర్మూలించలేము. అదుపులో పెట్టగలం, అంతే. 'ఒక్క వారంలో శాశ్వతంగా మాయం' అనే ప్రకటనను నమ్మనవసరం లేదు.

నూనె తగవు

ఇప్పుడు నూనె సంగతి చూద్దాం. పొట్టు రాలుతోందంటే తల ఎండిపోయిందని మనవాళ్ళు అనుకుంటారు. నూనె పెడతారు. పొలుసు నాని తలకు అంటుకుపోతుంది కాబట్టి రెండు రోజులు రాలదు. తగ్గిందనుకుంటారు. కాని ఆ రెండు రోజులూ ఈస్టుకు విందే. మూడోరోజు మళ్ళీ దురద.

మరి మన పెద్దవాళ్ళు నూనె పెట్టుకోలేదా? పెట్టుకున్నారు. కాని వాళ్ళ తలంటులో నూనె సగం పని మాత్రమే. నూనె పెట్టి, మాడు మర్దించి, ఓ గంటలోపే కుంకుడు రసంతో జిడ్డంతా పోయేదాకా రుద్దేవాళ్ళు. మా నాయనమ్మ మాట ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం: "నూనె పెట్టంగనే అయిపోలే బిడ్డా, అది పోయేదాక రుద్దాలె." శాస్త్రం చెప్పేదీ అదే. తలకు పెట్టిన నూనె పొలుసును మెత్తబరిచి వదులు చేస్తుంది. ఆ తరువాత దాన్ని పొలుసుతో సహా కడిగివెయ్యాలి. మనం చేస్తున్నది అందులో మొదటి సగమే. రోజూ పొద్దున నూనె రాసి, దువ్వుకుని, కాలేజీకి వచ్చి, తలస్నానం మాత్రం ఎప్పుడో వారానికోసారి చేస్తున్నాం. తప్పు నూనెది కాదు, దాన్ని తలమీద రోజుల తరబడి ఉంచడానిది.

ఏ నూనె మంచిదని అడుగుతారు. కొబ్బరినూనెలో సుమారు సగం లారిక్ ఆమ్లమే. చర్మాన్ని రేపే ఓలియిక్ ఆమ్లం నూటికి పది వంతులకు మించదు. నువ్వుల నూనెలో అది 40 వంతుల దాకా ఉంటుంది, ఆలివ్ నూనెలో ఇంకా ఎక్కువ. కొబ్బరినూనె రాసిన స్త్రీల మాడు మీద మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగినట్లు మనదేశంలో జరిగి 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి పెట్టుకుంటే కొబ్బరినూనె మేలు. అదీ కడిగేముందు అరగంటో గంటో ఉంచితే చాలు.

కుంకుడు, శీకాయ

కుంకుడు కాయ తొక్కులో సపోనిన్లనే పదార్థాలు ఉంటాయి. నురుగు వచ్చేది వాటివల్లనే. ఆ చెట్టు శాస్త్రీయ నామం 'సాపిండస్' అన్న మాటకు అర్థం కూడా 'ఇండియా సబ్బు' అనే. మామూలు ఒంటిసబ్బు క్షారం. మన చర్మం స్వభావం కొద్దిగా ఆమ్లం. కుంకుడు రసం కూడా ఆమ్లం వైపే ఉంటుంది కాబట్టి చర్మానికి సరిపడుతుంది. ఇంకొక సుగుణం ఉంది. బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్ళలో సబ్బుతో తల రుద్దితే నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి జిగురై వెంట్రుకలకు పడుతుంది. ఆరిన తరువాత అదే పొట్టులా రాలుతుంది, చుండ్రని పొరబడతాం. కుంకుడుతో ఆ జిగురు ఏర్పడదు.

కుంకుడు చుండ్రును చంపే మందని నేననను. అది ఈస్టు తిండిని కడిగేస్తుంది. తిండి తగ్గితే దాని ఉధృతం తగ్గుతుంది. శీకాయ పనీ ఇంచుమించు అదే, నురుగు తక్కువ, మెత్తదనం ఎక్కువ. ఈ రెండూ, తేనెతో పాటు, మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు సేకరించే అటవీ ఫలసాయంలోనివే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వీటిని వారి దగ్గర కొంటూ వచ్చింది. కాబట్టి షాపులో కుంకుళ్ళు కొన్నప్పుడు ఆ రూపాయి వెనుక అడవిలో కాయ ఏరిన ఒక కోయ కుటుంబం శ్రమ కూడా ఉంటుందని గుర్తుంచుకుంటే మంచిది.

వంటింటి మందులు

పుల్లమజ్జిగ: ఇందులో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. అది గట్టిపడ్డ పొలుసుల అతుకును కొద్దిగా విడదీస్తుంది. మీగడ పెరుగు వద్దు, అందులోని వెన్న మళ్ళీ జిడ్డే. వెన్న తీసిన, ఒకరోజు పులిసిన మజ్జిగ ఇరవై నిమిషాలు ఉంచితే చాలు.

మెంతులు: రాత్రి నానబెట్టి రుబ్బితే వచ్చే జిగురు మంటను, దురదను చల్లబరుస్తుంది. మందారాకు కూడా అంతే. హాయినిస్తాయి గాని ఈస్టు మీద వాటి ప్రతాపం అంతగా ఉండదు.

వేపాకు: వేప రసాలు ప్రయోగశాలలో అనేక శిలీంధ్రాల పెరుగుదలను అడ్డుకున్నాయి. గాజు పళ్ళెంలో జరిగినదంతా తలమీద జరుగుతుందని చెప్పలేం. అయినా రెండు గుప్పెళ్ళ ఆకు లీటరు నీళ్ళలో మరిగించి, చల్లార్చి, వడగట్టి, ఆఖరున తలమీద పోసుకుంటే నష్టమేమీ లేదు. వేపనూనె మాత్రం నోట్లోకి పోనివ్వరాదు. పసిపిల్లలకు అది విషం.

నిమ్మకాయ: ఇది చాలా ఘాటైన ఆమ్లం. గోకి గోకి పుండు పడ్డ మాడు మీద రుద్దితే మంట తప్ప మరేమీ మిగలదు. పైగా నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలో తిరిగితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. మన ఖమ్మం ఎండల్లో ఈ ప్రయోగం అసలే వద్దు. వాడి తీరాలంటే మగ్గు నీళ్ళలో ఒక చెంచా రసం కలిపి, పోసుకుని, వెంటనే మంచినీళ్ళతో కడిగెయ్యండి.

కర్పూరం కలిపిన కొబ్బరినూనె: చల్లగా ఉండి దురదను కాసేపు మరపిస్తుంది. చుండ్రును తగ్గించదు. చిన్నపిల్లలకు రాయకూడదు, కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్సు రావచ్చు.

తేనె: దీని సంగతి నాకు ఆశ్చర్యం కలిగించింది. తల, ముఖం, ఛాతీ మీద చుండ్రు ముదిరి ఎర్రని పొలుసులు కట్టిన 30 మందిమీద జరిపిన ఒక పరీక్ష 2001లో ప్రచురితమయింది. తొమ్మిది వంతుల తేనెలో ఒక వంతు గోరువెచ్చని నీళ్ళు కలిపి, రోజు విడిచి రోజు రాసి, మూడు గంటలు ఉంచి కడిగారు. వారం రోజుల్లో దురద, పొలుసులు పోయాయి. తరువాత ఆరు నెలలపాటు వారానికోసారి రాసినవారికి మళ్ళీ రాలేదు. మానేసిన 15 మందిలో 12 మందికి తిరిగి వచ్చింది. ఇది చిన్న పరీక్షే, దీన్ని పట్టుకుని తేనె సర్వరోగ నివారిణి అనరాదు. పైగా హాస్టలు విద్యార్థికి తలకు పూసుకునేంత తేనె ఎక్కడిది? కాని ఆఖరి రెండు అంకెలు మనకు అసలు పాఠం చెబుతున్నాయి. ఏ మందైనా సరే, తగ్గింది కదా అని మానేస్తే తిరిగి వస్తుంది.

ఆచరించదగిన వరుస

పైన చెప్పినదంతా కలిపి నేను పాటించే పద్ధతి ఇది. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు చెయ్యాలి.

ముందురోజు రాత్రి పది పన్నెండు కుంకుడు కాయలు కొట్టి, గింజ తీసేసి, పెద్ద గ్లాసు వేడినీళ్ళలో నానబెట్టాలి. పొట్టి జుట్టుకు ఆరేడు చాలు. పొద్దున పిసికి గుడ్డలో వడగట్టాలి. పొలుసులు గట్టిగా అంటుకుని ఉంటేనే కొబ్బరినూనె పెట్టి అరగంట ఆగాలి, లేకుంటే ఆ పని అవసరం లేదు. పుల్లమజ్జిగ, కావాలంటే మెంతిపిండి కలిపి, పాయలు తీసి వెంట్రుకలకు కాక మాడుకు పట్టించాలి. ఇరవై నిమిషాల తరువాత కుంకుడు రసం రెండు విడతలుగా పోసి రుద్దాలి. మొదటి విడత జిడ్డుకు, రెండవది చర్మానికి. రుద్దడం వేళ్ళ కొసల కండతోనే, గోళ్ళతో గీరరాదు. కళ్ళు మూసుకోమని చెప్పనక్కరలేదు, కుంకుడు రసం కంట్లో పడ్డ రోజును తెలుగువాడెవడూ మరచిపోడు! తరువాత నీళ్ళు బాగా పోసి, ఆఖరున వేపనీళ్ళు. తల పూర్తిగా ఆరిన తరువాతే జడ వేసుకోవాలి, టోపీ పెట్టుకోవాలి.

నాలుగు వారాలకు తగ్గుముఖం పట్టకపోతే ఇంటి వైద్యాన్ని పట్టుకుని వేళ్ళాడవద్దు. కీటోకొనజోల్ 2 శాతం ఉన్న మందు శాంపూ ఈ ఈస్టును నేరుగా అణుస్తుంది. వారానికి రెండుసార్లు, తలమీద అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. చాలామంది రాసి వెంటనే కడిగేసి 'ఇదీ పని చెయ్యలేదు' అంటారు. ఆ అయిదు నిమిషాలే మందు. నాలుగు వారాల తరువాత వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. శాంపూ అంటే పరాయి వస్తువని చిన్నచూపు కూడా అక్కరలేదు. మర్దన అనే అర్థమున్న హిందీ మాట నుంచే ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను తీసుకున్నారు.

చుండ్రు కానివి

దురద పెట్టేదంతా చుండ్రు కాదు. ఈ గుర్తులు కనిపిస్తే ఇంటి మందులు ఆపాలి.

బడికి పోయే పిల్లల్లో గుండ్రటి మచ్చ, అక్కడ వెంట్రుకలు విరిగి ఊడడం, చీము పట్టడం ఉంటే అది తామర కావచ్చు. ఇది అంటుతుంది. దువ్వెన, తువ్వాలు వేరు చెయ్యాలి. పైపూత మందు వెంట్రుక కుదుట్లోకి పోదు కాబట్టి వారాల తరబడి మాత్రలు వాడవలసిందే. అడగ్గానే దొరికే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాస్తే పైకి తగ్గినట్లుండి లోపల ముదురుతుంది. పొలుసులు వెండి రంగులో మందంగా ఉండి, నుదురు దాటి వచ్చి, మోచేతులు, మోకాళ్ళ మీద కూడా ఉంటే సోరియాసిస్ అయ్యే అవకాశముంది. చెవుల వెనుక, మెడ మీద రాత్రిపూట దురద ఎక్కువై, వెంట్రుకకు అంటుకుని దులిపినా రాలని తెల్ల గింజలుంటే అవి ఈపులు. చుండ్రు దులిపితే రాలుతుంది, ఈపి రాలదు. ఇంత తేలిక పరీక్ష ఇంకొకటి లేదు.

పురుగుల మందు తలకు రాయవద్దు

ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన విషయం ఇది. పత్తి, మిరప పండే పల్లెల్లో పేలు పోతాయని, దురద చస్తుందని చేలో కొట్టే మందును తలకు రాసే అలవాటు ఉంది. 'చేలో పురుగు చస్తే తలలో పేను చావదా?' అన్నది వాళ్ళ తర్కం. పేను చస్తుంది, నిజమే. కాని ఆ మందు తలమీద ఆగదు. పారాథియాన్ అనే పురుగుల మందు చర్మం గుండా ఎంత లోపలికి పోతుందో 1971లో ప్రచురితమైన పరిశోధనలో కొలిచారు. ముంజేతి చర్మం కంటే మాడు చర్మం మూడు రెట్లకు పైగా పీల్చుకుంది. గోకి పుండుపడ్డ మాడయితే ఇంకేం చెప్పాలి? చిన్నపిల్లల ఒంటి బరువుకు ఆ కాస్త విషమే ప్రాణాంతకం కావచ్చు.

ఎవరైనా అలా రాసినట్లు తెలిస్తే, తిట్టడం తరువాత. ముందు మీ చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, బట్టలు తీసేసి, తలను, ఒంటిని సబ్బు పెట్టి ధారాళంగా నీళ్ళతో కడగాలి. నోట్లో చొంగ కారడం, చెమటలు, వాంతులు, కంటిపాప చిన్నదవడం, ఊపిరాడకపోవడం విషం ఎక్కిన గుర్తులు. ఆ గుర్తుల కోసం కాచుకుని కూర్చోకుండా 108కి ఫోను చేసి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చాలి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకు విరుగుడు ఇవ్వడం సులువవుతుంది. కిరసనాయిలు కూడా ఇలాంటిదే. అది తలకు రాసుకుని పొయ్యి దగ్గరకు పోతే ఏమవుతుందో వివరించనక్కరలేదు.

పేలకు మార్గం లేకపోలేదు. తడి జుట్టును పాయలు తీసి పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు వారాలు దువ్వాలి. ఈపి పగిలి పేను బయటికి రావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్కసారి దువ్వి మానేస్తే లాభం లేదు. పర్మెత్రిన్ 1 శాతం లోషను పది నిమిషాలు ఉంచి కడిగి, తొమ్మిది రోజులకు మళ్ళీ రాయవచ్చు. అది తలకోసం, తలకు తగిన మోతాదులో చేసిన మందు. చేనుకు కొట్టేది చేనుకే.

మిత్రులారా! మన ఇంటి వైద్యాన్ని గుడ్డిగా పొగడడమూ, అంతా మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడమూ రెండూ సులువైన పనులే. ఏ ఆకు ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని అడగడం కొంచెం కష్టం. ఆ ప్రశ్న అడగడం నేర్పడానికే మనల్ని కాలేజీకి పంపారు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో తలకు ఏం రాస్తున్నారో ఒకసారి కనుక్కోండి. పురుగుల మందు డబ్బా పిల్లలకు అందని చోట ఉందో లేదో చూడండి. చుండ్రు ఉన్న తమ్ముడినో చెల్లెలినో వెక్కిరించకుండా, పది కుంకుళ్ళు కొట్టి నానబెట్టి ఇవ్వండి.